పిల్లికి ముందే తెల్లారుతుంది

తెల్లవారుజామున 3.40. పడకగది తలుపు అడుగున గోళ్లతో గీకుతున్న చప్పుడు. కాసేపు విరామం. తర్వాత గొంతు సవరించుకున్నట్టు ఒక చిన్న కూత. ఎవరూ పలకకపోతే ఇల్లంతా వినపడేలా పెద్ద కూత. అప్పటికీ తలుపు తెరుచుకోకపోతే హాల్లో టీపాయ్ మీది వస్తువులు ఒక్కొక్కటే కింద పడతాయి. మొదట పెన్ను, తర్వాత రిమోట్, చివరికి నా కళ్లజోడు. గత వేసవిలో దాదాపు రెండు నెలలు మా ఇంట్లో రోజు ఇలాగే మొదలైంది.

ఇదంతా మల్లి నిర్వాకం. 2020 లాక్‌డౌన్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, వారాల తరబడి కదలని ఓ కారు కింద దొరికిన పిల్లికూన. అప్పుడు అరచేతిలో పట్టేది. ఇప్పుడు నాలుగు కిలోలు. పగలంతా సోఫా మీద కుంభకర్ణుడి నిద్ర. మనం పడుకున్నాక దానికి ఉత్సాహం వస్తుంది. ఇందులో నవ్వుకోవడానికి చాలా ఉంది కానీ, ఆ వేసవిలో మాకు నవ్వు రాలేదు. అబ్బాయికి ప్రవేశ పరీక్షలు. నా భార్యకు కొత్తగా బయటపడ్డ బీపీ. సరిగా నిద్ర పోవాలని డాక్టరు మరీ మరీ చెప్పి పంపారు. కింది ఫ్లాటులో ఉండే రిటైర్డ్ ఉద్యోగి ఒకరు రెండుసార్లు మర్యాదగా, మూడోసారి అసోసియేషన్ ద్వారా ఫిర్యాదు చేశారు.

ఒక ఉదయం కాఫీ కలుపుతూ నా భార్య అంది: “ఏమండీ, ఇక నా వల్ల కాదు. ఎక్కడైనా దూరంగా వదిలేసి రండి.” లాక్‌డౌన్‌లో ఆ కూనకు రెండు గంటలకోసారి డ్రాపర్‌తో పాలు పట్టింది ఈవిడే. ఆ మాట అని తను కూడా కాసేపు మాట్లాడలేదు.

పిల్లిని వదిలేయడమంటే ఏమిటో మన తెలుగువాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు. గోనెసంచిలో వేసి, మూతి కట్టి, సైకిలు వెనక పెట్టుకుని ఊరవతలకు తీసుకెళ్లడం. దారి గుర్తు పెట్టుకోకుండా సంచిని నాలుగుసార్లు తిప్పడం. మా చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో నాన్న అదే చేశారు. ఉట్టి మీది పెరుగు ముట్టుకుందన్నది నేరం. మొదటిసారి గూడ్స్ షెడ్డు దగ్గర వదిలితే నాలుగో రోజుకు ఇంటికొచ్చేసింది. రెండోసారి ఇంకా దూరం తీసుకెళ్లారు. మళ్లీ రాలేదు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవు అన్న సామెత ఎప్పుడు విన్నా నాకు ఆ పిల్లే గుర్తొస్తుంది.

అందుకే సంచి వెతికే ముందు పశువైద్యురాలి దగ్గరకు వెళ్లాను. ఆవిడ మల్లిని తూచి, పళ్లు చూసి, పొట్ట నొక్కి చూసి, ఆరోగ్యంగానే ఉందన్నారు. తర్వాత నా చేతికి మందు ఇవ్వలేదు, పని ఇచ్చారు. “ఒక వారం పాటు నోటు పుస్తకంలో రాయండి. అది ఎన్నింటికి లేచింది, ఏం చేసింది, అప్పుడు మీలో ఎవరు ఏం చేశారు. మూడోది ముఖ్యం.”

ఆ పుస్తకంలో ఏం తేలిందో చెప్పే ముందు, పిల్లి ఆ వేళకే ఎందుకు లేస్తుందో తెలుసుకోవాలి. పిల్లి నిశాచరి అని మనం అనుకుంటాం. నిజానికది సంధ్యాచరి. రాత్రంతా మెలకువగా ఉండదు. పొద్దుగూకే వేళ, పొద్దు పొడిచే ముందు వేళ దానికి చురుకు. ఎలుకలు, చిన్న జంతువులు బయట తిరిగే సమయం అదే కనుక వేటగత్తె కూడా అప్పుడే సిద్ధంగా ఉంటుంది. మనిషి చూడగలిగే వెలుతురులో ఆరో వంతు ఉన్నా దానికి చాలు. ఇంటి పిల్లులన్నిటి మూలం ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి అని 2007లో వెలువడిన జన్యు పరిశోధన నిర్ధారించింది. మనిషి ధాన్యం నిల్వ చేయడం మొదలుపెట్టాక ఎలుకలొచ్చాయి. ఎలుకల వెనక పిల్లి వచ్చింది. సైప్రస్‌లో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికిన సంగతి 2004లో లోకానికి తెలిసింది. అంటే పరిచయం చాలా పాతది. కానీ కుక్కను మార్చినట్టు పిల్లిని మనం పెద్దగా మార్చలేదు. ఎలుకలు పట్టినంత కాలం దాని వేళలతో మనకు పేచీ రాలేదు. అది రాత్రిపూట కొట్లో ఉండేది, మనం వసారాలో పడుకునేవాళ్లం.

పేచీ వచ్చింది అపార్ట్‌మెంట్‌లోనే. పిల్లి రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది. ఉదయం 9 గంటలకు అందరూ ఆఫీసుకో కాలేజీకో వెళ్లిపోతే దానికి చూడ్డానికి ఏమీ ఉండదు, చేయడానికి అంతకంటే ఉండదు. ఆ నిద్ర మొత్తం పగలే అయిపోతుంది. సాయంత్రం మనం అలసిపోయి వచ్చి, తిండి పెట్టి, టీవీ చూసి పడుకుంటాం. వెయ్యి చదరపు అడుగుల ఇంట్లో ఒక వేటజంతువు అప్పుడే నిద్రలేచి ఒళ్లు విరుచుకుంటుంది.

రెండో కారణం ఆకలి. పిల్లి పొట్ట రెండు పూటల భోజనానికి తయారైంది కాదు. బయట బతికే పిల్లి రోజులో పది దాకా చిన్న ఎలుకలను పట్టి తింటుంది. అంటే కొంచెం కొంచెంగా చాలాసార్లు. మనం రాత్రి 8 గంటలకు ఒక్కసారే పెట్టేస్తే తెల్లవారుజాముకు దాని కడుపు ఖాళీ. మూడోది మన వేసవికి ప్రత్యేకమైన కారణం, తలుపు. ఏప్రిల్ వచ్చిందంటే ఇంటిల్లిపాదీ ఒకే ఏసీ గదిలోకి చేరి తలుపు వేసుకుంటారు. మిగతా పది నెలలు తనదనుకున్న గది, తన మనుషులు, ఆ తలుపు అవతల ఉండిపోతే పిల్లి ఊరుకోదు. మల్లి గోల ఏప్రిల్‌లోనే ఎందుకు మొదలైందో మాకు పుస్తకం రాస్తే కానీ తట్టలేదు.

ఇక ఆ పుస్తకం. వారం తర్వాత చూస్తే సిగ్గేసింది. నేను మూడుసార్లు లేచి తలుపు తీసి, “ఏమే, నీకు నిద్ర లేదా?” అని తిట్టి లోపలికి రానిచ్చాను. నా భార్య రెండుసార్లు గిన్నెలో గుప్పెడు తిండి గింజలు పోసి వచ్చి పడుకుంది. అబ్బాయి తలుపు తీసి దిండు విసిరాడు. దాన్ని మల్లి ఆటగా తీసుకుంది. మా అమ్మ వేరే గదిలో పడుకుంటుంది, ఆవిడకు ఏసీ పడదు. నాలుగింటికి లేచే అలవాటు. ఆ వారంలో ఐదు రోజులు ఆవిడ వంటింట్లోకి వెళ్లి చెంచాడు పాలు పోసింది. “మీరంతా లేస్తారని పోశానురా” అంది.

అంటే నలుగురం కలిసి దానికి శిక్షణ ఇస్తున్నాం. అరిస్తే ఏదో ఒకటి దొరుకుతుంది, ఎప్పుడు ఏది దొరుకుతుందో మాత్రం తెలియదు. ప్రతిసారీ దొరికే బహుమతి కంటే, అప్పుడప్పుడూ దొరికే బహుమతి అలవాటును గట్టిగా నాటుతుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద, ఎలుకల మీద ప్రయోగాలతో చూపించారు. లాటరీ టికెట్లు కొనేవాడు మానలేకపోయేది కూడా ఇందుకే. పిల్లికి ఈ విద్యలో మరో సదుపాయం ఉంది. తిండి అడిగేటప్పుడు కొన్ని పిల్లులు తమ గుర్రు శబ్దంలో పసిపిల్లల ఏడుపును పోలిన సన్నని స్వరాన్ని కలుపుతాయని బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రకటించారు. పిల్లిని ఎప్పుడూ పెంచనివాళ్లకు కూడా ఆ శబ్దం తొందరపెడుతున్నట్టే వినిపించిందట. కనుక మా అమ్మను తప్పుపట్టడానికి లేదు.

కొడితే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. నీళ్లు చిమ్మమనేవాళ్లూ ఉన్నారు. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ వాళ్లు గుర్తు తెచ్చుకోవాలి. ఒక్కసారి వేడి పాలలో మూతి కాలిన ఆ పిల్లి, ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పారిపోయింది. కానీ అది అరవకూడదని నేర్చుకోలేదు, పాలకు భయపడటం నేర్చుకుంది. కొట్టినా అంతే. తెల్లవారుజామున అరవడం తప్పని పిల్లికి అర్థం కాదు. ఈ మనిషి దగ్గరకు వెళ్లకూడదని అర్థమవుతుంది. భయపడిన పిల్లి మంచం కింద దాక్కుంటుంది, ట్రేలో చేయాల్సిన పని పరుపు మీద చేస్తుంది. అప్పుడు ఒక సమస్య రెండవుతుంది.

చేయాల్సింది మూడు పనులని డాక్టరు చెప్పారు. మొదటిది వేట. పడుకునే ముందు పది పదిహేను నిమిషాలు ఆడించాలి. కర్రకు తాడు కట్టి, చివర గుడ్డ పీలికో ఈకో కట్టి, ఎలుక పరిగెత్తినట్టు సోఫా కింది నుంచి తలుపు వెనక్కి లాగాలి. చివర్లో దాన్ని పట్టుకోనివ్వాలి. ఎప్పటికీ దొరకని వేట పిల్లికి తృప్తినివ్వదు. ఆట అయ్యాక ఆ తాడును బీరువాలో పెట్టి తీరాలి. దారం, రబ్బరు బ్యాండు, రిబ్బను లాంటివి మింగితే పేగుల్లో చిక్కుకుని ఆపరేషన్ దాకా వెళ్తుంది.

రెండోది భోజనం. పిల్లి దినచర్యలో వరుస ఇది: వేటాడుతుంది, తింటుంది, ఒళ్లు నాక్కుంటుంది, పడుకుంటుంది. కాబట్టి పెద్ద భోజనం ఆట అయిన వెంటనే, మనం పడుకోబోయే ముందు పెట్టాలి. తిండి పెంచనక్కర్లేదు. రోజుకు పెట్టే మొత్తాన్నే నాలుగైదు భాగాలు చేయాలి. పగటి వాటాలో కొంత ప్లాస్టిక్ సీసాకు రంధ్రాలు చేసి అందులో వేస్తే, దొర్లించి దొర్లించి గింజలు రాబట్టుకుంటుంది. పగటి నిద్ర కొంత తగ్గుతుంది. తెల్లవారుజాము వాటాకు టైమర్ పెట్టుకునే గిన్నెలు కొన్ని వేల రూపాయల్లో దొరుకుతున్నాయి. తిండి యంత్రం నుంచి వస్తుందని తెలిశాక పిల్లి యంత్రం ముందు కూర్చుంటుంది, మన తలుపు దగ్గర కాదు. ఉదయం మనం లేచిన వెంటనే గిన్నె నింపకూడదు. పళ్లు తోముకుని, కాఫీ తాగి, అప్పుడు పెట్టాలి. లేకపోతే మన కళ్లు తెరిపించడమే దాని ఉద్యోగమవుతుంది. పాలు అసలే వద్దన్నారు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అరగదు. పాల గిన్నెతో ఉన్న పిల్లి బొమ్మ మన వాచకాల్లో ఎంత బాగున్నా సరే.

మూడోది అన్నిటికంటే కష్టం: అరుపుకు ఎవరూ, ఏ విధంగానూ పలకకూడదు. తలుపు తీయకూడదు, తిట్టకూడదు, “ష్” అనకూడదు. నలుగురిలో ఒక్కరు లొంగినా లాటరీ మళ్లీ మొదలైనట్టే. ఇక్కడ ముందే తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. బహుమతి ఆగిపోయిన అలవాటు తగ్గే ముందు ఒకసారి విజృంభిస్తుంది. లిఫ్టు రాకపోతే మీట ఒకసారి నొక్కేవాళ్లం పదిసార్లు నొక్కుతామే, అలాగ. చాలామంది సరిగ్గా ఆ రాత్రే ఓడిపోతారు. ఓడిపోయి, ఇంకా గట్టిగా అరిస్తే పనవుతుందని పిల్లికి నేర్పుతారు.

అయితే ప్రతి అరుపునూ పట్టించుకోకుండా ఉండకూడదు. నీళ్లు, శుభ్రమైన ట్రే అందుబాటులో ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి. సంతాన నియంత్రణ ఆపరేషన్ చేయించని ఆడపిల్లి జతకోసం రోజుల తరబడి పసిపాపలా ఏడుస్తుంది. జత దొరక్కపోతే రెండు మూడు వారాలకోసారి మళ్లీ మొదలవుతుంది. రాత్రి పిల్లి ఏడిస్తే అరిష్టమని మనవాళ్లు భయపడేది చాలావరకు ఈ ఏడుపుకే. అయిదారు నెలల వయసులో ఆపరేషన్ చేయిస్తే ఆ ఏడుపు ఆగుతుంది, వీధిలోకి మరిన్ని కూనలు రావు. మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ మూత్రం రాక అరుస్తుంటే అది ప్రాణాపాయం. తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. పదేళ్లు దాటిన పిల్లి కొత్తగా రాత్రుళ్లు అరవడం మొదలుపెడితే థైరాయిడ్, రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, కీళ్ల నొప్పి, చెవుడు, మతిమరుపు, ఇందులో ఏదైనా కావచ్చు. దానికి రక్తపరీక్ష కావాలి, క్రమశిక్షణ కాదు. మన మందులు మాత్రం పొరపాటున కూడా ఇవ్వకూడదు. నొప్పేమోనని వేసే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి చనిపోవడానికి. ఆ మందును విరగ్గొట్టే శక్తి దాని కాలేయానికి లేదు.

ఆ రాత్రే మేం నలుగురం కూర్చుని ఒప్పందం చేసుకున్నాం. కింది ఫ్లాటు పెద్దాయన దగ్గరకు నేనే వెళ్లి జరగబోయేది చెప్పి, పది రోజులు ఓర్చుకోమన్నాను. ఆయన సంతోషించలేదు కానీ సరేనన్నారు. మొదటి మూడు రాత్రులు మామూలు గోల. నాలుగో రాత్రి 2.50కే మొదలుపెట్టి గంటంపావు అరిచింది. నా భార్య లేచి కూర్చుంది. నేను ఆవిడ చేయి పట్టుకున్నాను. అబ్బాయి చెవుల్లో దూది పెట్టుకుని ఫిజిక్స్ చదువుకున్నాడు. ఆరో రాత్రి అరగంట. తొమ్మిదో రాత్రి రెండు కూతలు, అంతే. మూడో వారానికి మల్లి 5.15కు, అంటే యంత్రం తెరుచుకునే వేళకు, దాని ముందు కూర్చోవడం నేర్చుకుంది. పెద్దాయన ఒకరోజు లిఫ్టులో కనబడి, “పిల్లిని ఎవరికైనా ఇచ్చేశారా?” అని అడిగారు.

ఇవ్వలేదు. ఇవ్వకపోవడం మంచిదైంది. ఇంట్లో పెరిగిన పిల్లిని చేపల మార్కెట్ దగ్గర వదిలితే ఎలాగోలా బతుకుతుందని మనం సర్దిచెప్పుకుంటాం. అక్కడి ప్రతి గజం స్థలానికీ అప్పటికే ఒక పిల్లి హక్కుదారు. పైన కుక్కలు, వాహనాలు. సహేతుక కారణం లేకుండా జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకు ఆ చట్టం పెట్టిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత జంతువును చంపితే ఐదేళ్ల దాకా జైలు అంటోంది. వదిలేయడానికి, చంపడానికి మధ్య ఉన్న దూరం చట్టంలో అంత. పిల్లి విషయంలో ఆ దూరం కొన్నిసార్లు నాలుగు రోజులే. పెంపుడు జంతువులను నిషేధించే హక్కు నివాసుల సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే స్పష్టం చేసింది. కానీ హక్కు ఉంది కదా అని పొరుగువాళ్ల నిద్ర పాడుచేయడం పెంపకం అనిపించుకోదు. రెండూ నిలబెట్టాల్సిన బాధ్యత పెంచుకునేవాడిదే.

ఒప్పందం కుదిరిన రాత్రి అమ్మ ఏమీ మాట్లాడలేదు. అందరూ లేచాక నాతో అంది: “ఆ రెండోసారి పిల్లిని వదిలేసొచ్చిన రాత్రి మీ నాన్న రెండుమాట్లు లేచి వీధి తలుపు తీసి చూశారురా. వచ్చిందేమోనని.” నలభై ఏళ్లలో ఆవిడ ఈ మాట నాకు చెప్పడం అదే మొదలు.

నాన్న పోయాక అమ్మకు నాలుగింటికి మెలకువ వచ్చేస్తోంది. ఆ వేళ ఇంట్లో మెలకువగా ఉండే రెండో ప్రాణి మల్లి ఒక్కటే. చెంచాడు పాలు మా నిద్ర కోసమే పోసేదని నేనిప్పుడు అనుకోవడం లేదు. అందుకే రాత్రి ఆట, ఆ తర్వాతి భోజనం ఆవిడకే అప్పగించాం. పదింటికి మంచం మీద కూర్చుని తాడు కట్టిన కర్ర తిప్పుతుంది. మల్లి గాల్లోకి ఎగిరినప్పుడల్లా పైకే నవ్వుతుంది. తర్వాత రెండూ ఆ గదిలోనే పడుకుంటాయి అని మా అబ్బాయి వేళాకోళం చేస్తాడు.

మొన్న అడిగాను, నిద్ర పడుతోందా అని. “నాకు నాలుగింటికే మెలకువొస్తోంది. అది మాత్రం ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ పడుకుంటోంది” అంది అమ్మ, కొంచెం నిష్ఠూరంగానే.